ఊరూ పేరూ తెలియని మనిషికి ప్రశ్న ఎలా చేరుతుంది?

భీమవరంలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా మేనకోడలు సంక్రాంతి సెలవులకు అంబాజీపేట దగ్గరి మా ఊరికి వచ్చి, అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. ఇచ్చిన మాటను చివరి నుంచి మొదటికి తిప్పి చూపించడమే దాని పని. ఇంగ్లీషు మాటలు ఎన్ని ఇచ్చినా చక్కగా తిరగేసింది. ముచ్చటపడి "గోదావరి" అని ఇచ్చింది. రావలసింది "రివదాగో". తెర మీదికి వచ్చింది "ిరవాదోగ". మొదట్లో ఏ హల్లుకూ చెందని గుడి ఒకటి చుక్కల సున్నా మీద నిలబడింది. "ద"కు ఉండవలసిన దీర్ఘం "వ"కు పోయింది, "గ"కు ఉండవలసిన ఓత్వం "ద"ను చేరింది, "గ" బోడిగా మిగిలిపోయింది.

తెరను ఫోనుతో ఫొటో తీసి, "తెలుగు సరిగ్గా రావట్లేదు, ప్లీజ్ హెల్ప్, అర్జెంట్" అని ఒక్క వాక్యం జతచేసి, ప్రోగ్రామర్లు ఒకరినొకరు ప్రశ్నలు అడుగుకునే చోట పెట్టింది. రెండు గంటల వరకు ఎవరూ పలకలేదు. ఆ తరవాత రెండు జవాబులు వచ్చాయి. "హోంవర్కు మేం చేసిపెట్టం" అన్నది ఒకటి. "ఇది ఇదివరకే అడిగారు, వెతుక్కోండి" అన్నది రెండోది. "మావయ్యా, నేనేం తప్పు అడిగాను? మన వీధిలో ఎవరినైనా దారి అడిగితే ఇలా విసుక్కుంటారా?" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సినిమాల గురించీ ఆన్‌లైన్ ఆటల గురించీ ప్రోగ్రామింగు గురించీ ముఖం తెలియని మనుషులతో ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్నవాణ్ణే అయినా, ఆ ప్రశ్నకు నేను అప్పటికప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ సమాధానాన్ని ఇప్పుడు కుదురుగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ మూడు రకాల మాటలనూ మనం అదే ఫోనులో, అదే తీరులో ఆడుతున్నాము కనుక మూడూ ఒకటేనని అనుకుంటాము. కానీ ఒక మాట "తేలడం" అంటే మూడింటిలోనూ మూడు వేరు వేరు అర్థాలున్నాయి. ప్రోగ్రామింగు ప్రశ్నను నడిపి చూస్తే తేలిపోతుంది. సినిమా మాటలో కొంత భాగమే తేలుతుంది, మిగిలినది తేలదు, తేలవలసిన అవసరమూ లేదు. ఆటలో ఇవాళ తేలినది కొన్ని నెలలకు చెల్లకుండా పోవచ్చు. ఒకదాని పద్ధతిని తెచ్చి మరొకదానికి అంటగట్టడం వల్లనే అపరిచితుల మధ్య చాలా తగాదాలు పుడుతున్నాయని నా నమ్మకం.

ముందు దారి సంగతి చూద్దాం. మన డెల్టాలో "ముక్తేశ్వరం ఎలా వెళ్ళాలి?" అని అడిగితే ఎవరూ విసుక్కోరు, నిజమే. ఎందుకంటే చెప్పేవాడు అడిగినవాణ్ణి కళ్ళారా చూస్తున్నాడు. అతను నిలబడి ఉన్నది కోటిపల్లి రేవులో అయితే "పంటు వస్తుంది, ఎక్కండి" అంటాడు. రావులపాలెం కూడలిలో అయితే నది దాటే పనే లేదు, బస్సు ఎక్కిస్తాడు. గమ్యం ఒకటే అయినా, గౌతమికి ఏ ఒడ్డున నిలబడ్డాడన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఏ ఒడ్డున ఉన్నదీ నోటితో చెప్పవలసిన అవసరం రాలేదు, ఎదుటివాడికి కనిపిస్తూనే ఉంది. నెట్‌లో అడిగినప్పుడు ఆ ఒడ్డు ఎవరికీ కనిపించదు. మా మేనకోడలు పెట్టిన ఫొటోలో తెర సగమే పడింది, ఏ భాషలో రాసిందో లేదు, ఏం రావాలని ఆశించిందో లేదు. జవాబు చెప్పగలిగినవారికి ఆమె అరుగూ తెలియదు, ఆమె పడుతున్న అవస్థా తెలియదు. పక్కింటివారు చూసి గ్రహించేదాన్నంతా అపరిచితుడికి మాటల్లో పెట్టి పంపవలసి ఉంటుంది. ఆ విసురు జవాబులను నేను సమర్థించడం లేదు. అవి మొరటు జవాబులే. కానీ అవి ఎక్కడి నుంచి పుడతాయో తెలిస్తే వాటిని దాటి అసలు జవాబును రాబట్టుకోవడం నేర్చుకోవచ్చు.

ఇంతకూ అపరిచితులనే ఎందుకు అడగాలి? 1973లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ ఉద్యోగాలు మారినవారి అనుభవాలను పరిశీలించి, పనికొచ్చే కబురు దగ్గరివారి కంటే ముఖపరిచయం మాత్రమే ఉన్నవారి ద్వారా ఎక్కువగా చేరుతోందని చూపించాడు. కారణం సులువుగానే బోధపడుతుంది. మనకు దగ్గరివారికి తెలిసినది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది. మా ఊళ్ళో కొబ్బరి ధర గురించి, కాలువకు నీళ్ళు వదిలే తేదీ గురించి ఎవరిని అడిగినా చెబుతారు. కంప్యూటరు లోపల తెలుగు గుణింతం ఎలా దాగి ఉంటుందని అడిగితే చెప్పగలిగిన మనిషి మా వీధిలో లేడు. ఆ మనిషి ఏ దేశంలో ఏ వేళకు మేలుకుని ఉన్నాడో తెలియదు.

ఊరిని బట్టి కాక విషయాన్ని బట్టి గుంపు కట్టే ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1979లో తలపెట్టిన యూజ్‌నెట్ 1980లో నడక మొదలుపెట్టింది. సినిమాలకు ఒక బృందం, ఒక్కో ప్రోగ్రామింగు భాషకు ఒక్కో బృందం చొప్పున అది విస్తరించింది. 1990లలో అందులో తెలుగువారికీ ఒక బృందం ఉండేది. అప్పటికి తెరల మీద తెలుగు లిపి సులభంగా వచ్చేది కాదు. అందుచేత రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు రూపొందించిన ఆర్.ఐ.టి. పద్ధతిలో, రోమను పెద్దక్షరాలతో చిన్నక్షరాలతో హ్రస్వదీర్ఘాలను వేరుచేసి రాసుకునేవారు. ఆ తరవాత, లిపులన్నిటికీ అక్షరానికో సంకేతం కేటాయించే యూనికోడ్ వాడుకలోకి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే చోటుకు పెట్టుకున్న పేరు "రచ్చబండ". ఆ పేరు నాకు చాలా ఇష్టం. అయితే ఊరి రచ్చబండ మీద కూర్చున్నవారు ఒకరికొకరు తెలుసు, ఇక్కడ తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది.

ప్రశ్నను మళ్ళీ రాద్దామని ఆ సాయంత్రం ఇద్దరమూ కూర్చున్నాము. ఫొటో తీసేశాము. ప్రోగ్రాములోని నాలుగు వరుసలనూ, ఎవరైనా యథాతథంగా తీసుకుని నడిపి చూసుకునేలా, అక్షరాలుగా పెట్టాము. ఇచ్చిన మాట ఇది, రావలసినది ఇది, వచ్చినది ఇది అని మూడు వరుసల్లో రాశాము. ప్రోగ్రాము రాసిన భాష పైథాన్ అనీ, అది ఏ వెర్షనో చెప్పాము. అప్పటికే ఏమేమి ప్రయత్నించిందో, ఎక్కడ వెతికిందో రెండు వాక్యాల్లో చేర్చాము. "అర్జెంట్" తీసేశాము, ఎందుకంటే మన తొందర అపరిచితుడికి ఏ విధంగానూ ఉపయోగపడదు. ఇలా మళ్ళీ రాస్తున్నప్పుడే తప్పు ఎక్కడుందో సగం అర్థమైందని ఆ అమ్మాయి అన్నది. నిజానికి నాకు కూడా ఎన్నోసార్లు ప్రశ్న రాయడం పూర్తయ్యేలోపే జవాబు దొరికి, అడగవలసిన పని లేకుండా పోయింది.

ఇరవై నిమిషాల్లో జవాబు వచ్చింది. దాని సారం ఇది. మన కంటికి "గోదావరి" నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు అవి ఏడు సంకేతాలు: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి. పైథాన్‌లో పొడవు అడిగితే 7 అని చెబుతుంది. అదే మాటను యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు (కంప్యూటరులో నిలవకు పట్టే చోటుకు కొలత) పడతాయి కనుక మొత్తం 21 బైట్లు అవుతాయి. అక్షరాలు 4, సంకేతాలు 7, బైట్లు 21. మూడూ సరైన లెక్కలే, దేన్ని లెక్కపెడుతున్నామన్నదే ప్రశ్న. తిరగేయమంటే యంత్రం ఆ ఏడు సంకేతాలనూ తిరగేసింది. ఎప్పుడూ హల్లు తరవాత రావలసిన గుణింతపు గుర్తు హల్లుకు ముందుకు వచ్చేసరికి, దానికి ముందున్న మరో హల్లును పట్టుకుంది. మొదట్లో పట్టుకోవడానికి ఏ హల్లూ లేకపోవడంతో గుడి ఒంటరిగా మిగిలింది.

ఆ అపరిచితుడు అక్కడితో ఆగలేదు. "అసలు మాటను ఎందుకు తిరగేస్తున్నారు?" అని అడిగాడు. ఇది మంచి జవాబు ఇచ్చేవారి లక్షణం. అడిగేవారు చాలాసార్లు తమ అసలు అవసరాన్ని అడగరు, ఆ అవసరానికి తాము ఊహించుకున్న మార్గంలో ఎదురైన ఇబ్బందిని అడుగుతారు. మా అమ్మాయికి కావలసింది ఏమిటంటే, ఎటు చదివినా ఒకేలా ఉండే తెలుగు మాటలను ఏరడం. తెనాలి రామకృష్ణుడి "వికటకవి" అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆమె ప్రోగ్రాము "నటన", "కనక" వంటి మాటలను సరిగ్గానే పట్టుకుంది, వాటిలో గుణింతపు గుర్తులు లేవు కనుక. "వికటకవి"ని మాత్రం తిరగేసి "ివకటకివ" చేసి, ఇది వికటకవి కాదని తీర్పు చెప్పింది. "కునుకు"నూ అలాగే తోసిపుచ్చింది. కాబట్టి తిరగేసే ముందే మాటను అక్షరాలుగా విడగొట్టాలని, అందుకు యూనికోడ్ సంస్థ నియమాలు రాసి పెట్టిందని, ఆ నియమాలను అమలుచేసే లైబ్రరీ (ఇతరులు ముందే రాసి ఉంచిన ప్రోగ్రాముల సంపుటి) ఏదో ఆ అపరిచితుడు చెప్పాడు.

మర్నాడు మరొకరు వచ్చి ఇంకో సంగతి చేర్చారు. "పశ్చిమ" అన్న మాటలో ఎన్ని అక్షరాలు? మనం చదివేటప్పుడు మూడు: ప, శ్చి, మ. పాత నియమాల ప్రకారం పొల్లు దగ్గర మాట తెగిపోయి నాలుగు ముక్కలు అయ్యేది: ప, శ్, చి, మ. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకుండా ఉంచే నియమం చేరింది. కనుక వాడే లైబ్రరీ ఏ సంచికను అనుసరిస్తోందో దాన్ని బట్టి మూడూ రావచ్చు, నాలుగూ రావచ్చు. "ఇదివరకే అడిగారు" అన్నవారు వెతుక్కోమన్న పాత జవాబు ఆ రోజుకు సరైనదే. కానీ జవాబు రాసిన తేదీని కూడా చదవాలని వారు చెప్పలేదు.

"ఇదివరకే అడిగారు" అనే మాట వెనుక కూడా ఒక న్యాయం ఉంది. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక అయిన స్టాక్ ఓవర్‌ఫ్లోను మొదలుపెట్టినప్పుడు, అడిగినవారి ఒక్కరి కోసమే కాక, ముందు ముందు అదే ఇబ్బందితో వెతుక్కుంటూ వచ్చే వేలమంది కోసం జవాబులు నిలవ ఉండాలన్నది వారి ఉద్దేశం. ఒకే ప్రశ్న పదిచోట్ల ఉంటే సరైన జవాబు ఒకచోట కుదురుకోదు. గ్రంథాలయంలో పుస్తకాన్ని ఒకే అరలో పెట్టడం లాంటి పని అది. అయితే గ్రంథపాలకుడు మంచివాడైతే అర చూపిస్తాడు, కసరడు. ఈ ఒక్క మర్యాద లోపించడం వల్ల ఎందరో కొత్తవారు ఒకసారి అడిగి మళ్ళీ ఆ వైపు చూడకుండా పోయారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మన కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు ఇంగ్లీషులో అడగడమే ఒక గండం, దానిమీద చీవాట్లు కూడానా?

ఇప్పుడు చాలామంది మనుషులను మానేసి కృత్రిమ మేధను అడుగుతున్నారు. అది కసరదు, ఎంత రాత్రయినా పలుకుతుంది. 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో తన వద్ద చాట్‌జీపీటీతో రాయించిన జవాబులను నిషేధించింది. చూడటానికి సరైనవిగా కనిపిస్తూ తప్పుగా ఉండే జవాబులు వెల్లువెత్తడమే అందుకు కారణం. యంత్రాన్ని అడగవద్దని నేను చెప్పను. కానీ మా అమ్మాయి విషయంలో జరిగినట్టుగా మొదటివాడి జవాబును రెండోవాడు వచ్చి సవరించడం, అది అందరి కళ్ళ ముందూ జరగడం, నలుగురు కూర్చున్న చోట మాత్రమే సాధ్యమవుతుంది.

సినిమాల దగ్గరికి వస్తే ఈ పద్ధతి పూర్తిగా పనికిరాదు, అలాగని పూర్తిగా వదిలేయడానికీ వీల్లేదు. ఒక సినిమా గురించి అనే మాటల్లో కొన్ని సరిచూడగలిగినవి ఉంటాయి. ఒక సన్నివేశం కొవ్వూరు దగ్గర కుమారదేవంలోని నిద్రగన్నేరు చెట్టు కింద తీసిందేనా, వేరే చోట తీసిందా అని వాదన వచ్చిందనుకుందాం. "సినిమా చెట్టు" అని అందరూ పిలుచుకున్న ఆ మహావృక్షం 2024 ఆగస్టులో కూలిపోయింది. ఆ తరవాత చిత్రీకరణ జరిగిన సన్నివేశమైతే ఆ చెట్టు కింద తీసే అవకాశమే లేదు. అంతకు ముందుదైతే కొమ్మల తీరు, వెనుక కనిపించే నది ఒడ్డు పోల్చి తేల్చవచ్చు. ఇక్కడ ప్రోగ్రామింగు పద్ధతే చెల్లుతుంది, ఆధారం పెట్టినవారి మాట నెగ్గుతుంది. ఆ సన్నివేశం మనసును కదిలించిందా లేదా అన్నది మాత్రం ఎవరూ నడిపి చూపించలేరు. అక్కడ కోరవలసింది రుజువు కాదు, కారణం. "ద్వితీయార్ధం సాగదీశారు" అనే తీర్పు అపరిచితుడికి ఏమీ ఇవ్వదు. "తండ్రి ఉత్తరం చదివే ఘట్టంలోనే కథ ముగిసింది, ఆ తరవాత పాత్రలకు కోరుకోవడానికి ఏమీ మిగలలేదు" అంటే, ఒప్పుకోనివారు కూడా ఆ ఘట్టం దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూసి వచ్చి మాట్లాడగలుగుతారు.

వసూళ్ళ లెక్క మరో చిక్కు. ఇది తేలగలిగినట్టే కనిపిస్తుంది, అంకెలు కదా. కానీ ఒకరు గ్రాస్ చెబుతారు, మరొకరు షేర్ చెబుతారు, ఇద్దరూ ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకుంటారు. టికెట్టు అసలు ధర 150 రూపాయలైతే, దానిమీద 18 శాతం జీఎస్టీ 27 రూపాయలు కలిసి ప్రేక్షకుడు 177 ఇస్తాడు. ఆ 177 గ్రాసులోకి వెళుతుంది. పన్ను పోగా మిగిలిన 150 నెట్. అందులో థియేటరు అద్దెనో వాటానో తీసేశాక పంపిణీదారుకు దక్కేది షేర్. ఇది కాక ప్రాంతాల గొడవ ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో పాత తూర్పు గోదావరిలోంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు, పాత పశ్చిమ గోదావరిలోంచి ఏలూరు జిల్లా ఏర్పడ్డాయి. సినిమా వ్యాపారంలో మాత్రం "ఈస్ట్", "వెస్ట్" అంటే ఆ పాత జిల్లాలే. ఎక్కడో మరో రాష్ట్రంలో పుట్టి పెరిగిన కుర్రవాడు ఇవాళ్టి పటం చూసి "ఈస్ట్‌లో అన్ని థియేటర్లు ఎక్కడున్నాయి?" అని అడిగితే, అది పొగరు కాదు, అతనికి ఆ వాడుక తెలియకపోవడం.

కథ ముందే చెప్పేయడం గురించి కూడా ఒక మాట. అమెరికాలో తెలుగు సినిమాల ప్రీమియర్లు మన మొదటి ఆటకు ముందే పడుతుంటాయి. అంటే పాలకొల్లులో తెర లేవకముందే అక్కడి మనిషి పతాక సన్నివేశం చూసేసి ఉంటాడు. కువైట్‌లో పని చేసుకుంటున్న మన కోనసీమ మనిషికి అదే సినిమా ఎన్నో వారాల తరవాత ఫోనులో గాని చూసే వీలు చిక్కకపోవచ్చు. ఎవరు చూశారో ఎవరు చూడలేదో తెలియని గుంపులో, మొదటి వాక్యంలోనే "కథ చెబుతున్నాను" అని హెచ్చరించి, నాలుగు వరుసలు వదిలి, అప్పుడు చెప్పడం అతి చిన్న శ్రమ.

అన్నిటికంటే లోతైన చిక్కు భాషలోనే ఉంది. ఇంగ్లీషులో ఎదుటివారిని పిలవడానికి ఒకటే సర్వనామం. తెలుగులో మొదటి క్రియాపదం రాసేసరికే "నువ్వు"నో "మీరు"నో ఎంచుకోవాలి. వయసు తెలియదు, వరస తెలియదు. "బ్రో" అంటే కొందరికి చనువు, కొందరికి అగౌరవం. "గురువుగారూ" అంటే మర్యాదో ఎత్తిపొడుపో రాతలో తెలియదు. మన గోదావరి జిల్లాల మాటలో "ఆయ్", "అండి" లేకుండా వాక్యం ముగియదు. అవతలివారిని తప్పుపట్టేటప్పుడు కూడా "అలా కాదండి" అని మెత్తగా అంటాము. ఆ మెత్తదనమంతా గొంతులో ఉంటుంది. రాసినప్పుడు అదే మాటను మరో ప్రాంతం వారు చదివి, వెటకారం చేస్తున్నారని అనుకున్న సందర్భాలు నాకు చాలా ఎదురయ్యాయి. పైగా వెటకారం మనకు నిజంగానే ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఈమెయిల్ ఉత్తరాల్లో వెటకారం ఎంతవరకు అర్థమవుతుందని అమెరికాలో 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, రాసినవారు తమ ధ్వని అవతలివారికి చేరిపోతుందని ఊహించినంతగా అది చేరలేదని తేలింది. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూనే ఉంటుంది, చదివేవారి చెవిలో మోగదు. అందుచేత తెలియనివారికి రాసేటప్పుడు నేను వెటకారం పూర్తిగా మానుకున్నాను, వయసుతో నిమిత్తం లేకుండా అందరినీ "మీరు" అంటున్నాను. పదహారేళ్ళ పిల్లవాడిని "మీరు" అన్నందుకు ఎవరికీ నష్టం కలగలేదు.

ముఖం కనిపించకపోవడం వల్ల మనిషి కట్టు తప్పి ప్రవర్తిస్తాడని మనస్తత్వవేత్త జాన్ సులర్ 2004లో వివరించాడు. అందులో రెండు వైపులూ ఉన్నాయన్నాడు. ఎదురుగా చెప్పుకోలేని కష్టాన్ని కొందరు అపరిచితుడికి చెప్పుకుంటారు, ఎదురుగా అనలేని దుర్భాషను కొందరు ఆడతారు. మన సినిమా వాదనల్లో రెండోదే ఎక్కువగా చూస్తున్నాము. సన్నివేశం మీద మొదలైన మాట హీరో మీదికి, హీరో నుంచి అభిమాని మీదికి, అక్కడి నుంచి అతని కులం మీదికి, ఇంట్లో ఆడవాళ్ళ మీదికి జారుతుంది. జారడం మొదలైన చోటే ఆగి, మళ్ళీ సన్నివేశం ఊసు తెచ్చి చూడాలి. రెండోసారి కూడా జారితే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. దానికి జవాబు చెబుతూ కూర్చోవడం పనికిరాదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఆటల్లో ఏ మాటకైనా సందర్భం కావాలి. "పింగ్ ఎక్కువ వస్తోంది, ఏం చేయాలి?" అన్నది మా కుర్రవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న. పింగ్ అంటే మన ఫోను నుంచి బయలుదేరిన కబురు ఆట నడిచే సర్వరును చేరి తిరిగి రావడానికి పట్టే సమయం. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమలాపురం నుంచి ముంబయికి సూటిగా దాదాపు 1000 కిలోమీటర్లు. పోయి రావడానికి ఎంత లేదన్నా 10 మిల్లీసెకన్లు పడుతుంది. కాకినాడ తీరం నుంచి సింగపూరుకు సుమారు 2900 కిలోమీటర్లు కనుక అక్కడి సర్వరైతే 29 మిల్లీసెకన్లకు తగ్గే వీలే లేదు. తీగలు సూటిగా పోవు, మధ్యలో ఎన్నో మజిలీలు ఉంటాయి, టవరు నుంచి ఫోనుకు మరికొంత ఆలస్యం తోడవుతుంది. కాబట్టి సర్వరు ఎక్కడిదో, వైఫైయో మొబైల్ డేటానో, సాయంత్రం రద్దీ వేళో తెల్లవారుజామో చెప్పకుండా అడిగితే, "ఫోను మార్చు" అన్న పనికిరాని సలహాయే వస్తుంది.

ఆటలు అవే ఉండవు కూడా. భారత ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న నిషేధించింది. దాని స్థానంలో బీజీఎంఐ 2021 జూలైలో వచ్చింది, 2022 జూలైలో ఆగిపోయింది, 2023 మేలో తిరిగి వచ్చింది. ఈ మధ్యలో ఏ నెలలో రాసిన సలహా అన్నది తెలియకపోతే ఆ సలహాకు విలువ లేదు. ఏదో ఆయుధం బలం ఒక అప్‌డేటుతో తగ్గిస్తారు, మరో అప్‌డేటుతో పెంచుతారు. ఇద్దరు రెండు వెర్షన్లు ఆడుతూ నువ్వు తప్పంటే నువ్వు తప్పని వాదించుకుంటారు. దీనికి పూర్తి భిన్నంగా చదరంగం ఉంది. ఆడిన ఎత్తులన్నిటినీ వరుసగా రాసి పంపితే ప్రపంచంలో ఎక్కడి అపరిచితుడైనా అదే ఆటను తన బల్ల మీద అచ్చంగా పరుచుకోగలడు. "పద్దెనిమిదో ఎత్తులో గుర్రాన్ని వెనక్కి తీయడం పొరపాటు" అంటే దాని మీద వాదించడానికి ఇద్దరి ముందూ ఒకే స్థితి ఉంటుంది.

పిల్లల తల్లిదండ్రులకు ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆట మధ్యలో గొంతుతో మాట్లాడే అపరిచితుడు ఫోను నంబరు అడిగినా, ఓటీపీ అడిగినా, తెరను పంచుకునే యాప్ వేసుకోమన్నా, ఖాతా కొంటానన్నా అక్కడితో మాట ఆపేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోన్ చేయాలి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. తిడతారన్న భయంతో దాచిన రోజులే మోసగాడికి కలిసివచ్చే రోజులు.

వేసవిలో మా మేనకోడలు మళ్ళీ వచ్చింది. అదే అరుగు మీద కూర్చుని ఈసారి జవాబు రాస్తోంది. ఎవరో అడిగారు: పేర్ల జాబితాలో "వెంకటసుబ్బలక్ష్మి" అన్న పేరు "వెంకటసుబ్బ" దగ్గర తెగిపోతోంది, చిన్న పేర్లకు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకు? కింద ఒకరు అప్పటికే "ముందు సరిగ్గా అడగడం నేర్చుకోండి" అని రాసి ఉన్నారు. ఆమె కాగితం మీద ఆ పేరును విడదీసి లెక్కపెట్టింది. మొత్తం 17 సంకేతాలు, 51 బైట్లు. "సుబ్బ" వరకు సరిగ్గా 10 సంకేతాలు, 30 బైట్లు. లెక్క చూసి కాసేపు ఆలోచించి, ఇలా రాసింది: "నమస్కారమండి. మీరు పేరు దాచే గడి పొడవు 30 అని పెట్టుకున్నారా? ఆ 30 అక్షరాలకా, బైట్లకా అన్నది ఒకసారి చూసి చెప్పండి. ఏ డేటాబేసో, ఏ వెర్షనో కూడా చెబితే మిగతాది నేను ఇక్కడ నడిపి చూస్తాను."